హంతకుడి గొంతుతో పాడే పాటలు: అమెరికా రూట్స్ మ్యూజిక్‌లో చీకటి పాయ

[దృశ్యం: పొగమంచు కమ్మిన అపలాచియన్ కొండలు. బాంజో అనే తీగల వాయిద్యం ఒక్కటే వినిపిస్తుంది.]

1866లో నార్త్ కరొలైనాలోని విల్క్స్ కౌంటీలో లారా ఫోస్టర్ అనే అమ్మాయిని చంపేశారు. అంతర్యుద్ధంలో పోరాడి ఇంటికి తిరిగొచ్చిన టామ్ డూలాను ఆ కేసులో 1868 మే 1న ఉరితీశారు. ఆ కథ మీద జనం పాట కట్టారు. అక్కడి యాసలో డూలా కాస్తా డూలీ అయ్యాడు.

1958లో కింగ్‌స్టన్ ట్రియో అనే జానపద గాయకుల బృందం పాడిన ‘టామ్ డూలీ’ అమెరికా చార్టుల్లో నంబర్ వన్‌కి చేరింది. ఉరికంబం ఎక్కబోయేవాడి మీద జాలి పుట్టించే పాట అది. ఆ హిట్ పాటలో లారా పేరు మాత్రం ఒక్కసారి కూడా వినపడదు.

ఇలాంటి పాటల్ని మర్డర్ బ్యాలడ్స్ అంటారు. రూట్స్ మ్యూజిక్, అంటే అమెరికా పాత జానపద సంగీతం అనగానే మనకు పొలాలు, రైళ్లు, చర్చి పాటలు గుర్తొస్తాయి. కానీ ఈ హత్యల పాటలు తర్వాతెప్పుడో వచ్చి చేరినవి కావు, మొదటి నుంచీ అందులోనే ఉన్నాయి.

[దృశ్యం: పాత అచ్చు కాగితం మీద ఓడ బొమ్మ]

వీటిలో కొన్ని బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్లతో పాటు సముద్రం దాటాయి. ‘ప్రెటీ పాలీ’ సంగతే చూడండి. ప్రియుడి చేతిలో హతమయ్యే పాలీ అనే అమ్మాయి కథ అది. పాత ఇంగ్లీషు కథలో ఆమె గర్భవతి. చంపినవాడు ఓడెక్కి పారిపోతే, ఆమె దయ్యమై ఓడ మీదికే వస్తుంది. అమెరికా కొండల్లో పాడిన చాలా రూపాల్లో గర్భం ఊసు లేదు, దయ్యమూ లేదు. వాడెందుకు చంపాడో ఎవరూ చెప్పరు. ముందు రోజు రాత్రే గొయ్యి తవ్వి ఉంచాడు, అంతే. కారణం తీసేశాక ఆ పాట ఇంకా భయంకరంగా తయారైందని నాకనిపిస్తుంది.

ఈ పాటను 1927లో డాక్ బాగ్స్ రికార్డు చేశాడు. వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసే మనిషి. అతని బాంజో వాయింపు మీద నల్లజాతి వాద్యకారుల ప్రభావం బాగా ఉంది. అసలు బాంజోయే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల జ్ఞాపకంలోంచి పుట్టిన వాయిద్యం. బాగ్స్ గొంతులో ఏడుపు ఉండదు, కోపమూ ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతాడు. వినేవాళ్లకు వెన్నులో వణుకు పుడుతుంది.

[దృశ్యం: సవానా నగర వీధి, పాత ఫొటో]

ఇక డీలియా గ్రీన్. జార్జియాలోని సవానాలో, 1900 క్రిస్మస్ వేళ, ఆ నల్లజాతి పిల్లను ఆమె ఈడు కుర్రాడే తుపాకీతో కాల్చాడు. ఆమెకు 14 ఏళ్లు. 1994లో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ‘డీలియాస్ గాన్’ మళ్లీ పాడినప్పుడు, అందులో డీలియా ఒక చెడ్డ ఆడది, పాడేవాడు ఆమెను కుర్చీకి కట్టేసి చంపుతాడు. క్యాష్ గొంతంటే నాకు ప్రాణం. కానీ ఆ 14 ఏళ్లు గుర్తొస్తే ఈ పాట వినడం కష్టంగా ఉంటుంది. హంతకుడి వైపు నుంచి కథ చెప్పీ చెప్పీ, చనిపోయిన పిల్ల ఎవరో కూడా మారిపోయింది.

[దృశ్యం: డెన్వర్ నగరం, రాత్రి]

1990ల్లో ఈ చీకటి పాయ ఒక శైలిగా స్థిరపడింది. దానికి గోతిక్ కంట్రీ అని పేరు పడింది. డెన్వర్‌కు చెందిన సిక్స్‌టీన్ హార్స్‌పవర్ బృందంలో డేవిడ్ యూజీన్ ఎడ్వర్డ్స్ బాంజో, పాత కన్సర్టీనా (చేతుల మధ్య నొక్కి వాయించే అకార్డియన్ లాంటి చిన్న వాయిద్యం) పట్టుకుని పాపం గురించి, దేవుడి భయం గురించి పాడేవాడు. హ్యాండ్‌సమ్ ఫ్యామిలీ అనే భార్యాభర్తల జంట పాటను 2014లో ‘ట్రూ డిటెక్టివ్’ సిరీస్ టైటిల్స్‌లో మీలో చాలామంది వినే ఉంటారు.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? నేనైతే హత్య పాటతో మొదలుపెట్టమనను. 1927 ఆగస్టులో అమెరికాలోని బ్రిస్టల్ పట్టణంలో రికార్డు నిర్మాత రాల్ఫ్ పీర్ చేసిన రికార్డింగుల్లో కార్టర్ ఫ్యామిలీ అనే కుటుంబ బృందం పాట ‘సింగిల్ గర్ల్, మ్యారీడ్ గర్ల్’ ఉంది. పాడింది సారా కార్టర్. పెళ్లికాని పిల్ల మంచి బట్టలు కట్టుకుని తిరుగుతుంది, పెళ్లైన పిల్ల ఉయ్యాల ఊపుతూ ఉండిపోతుంది. కథ అంతే, ఇందులో ఎవరూ చావరు. 2002లో సిక్స్‌టీన్ హార్స్‌పవర్ కూడా ఇదే పాట రికార్డు చేసింది. లింకులు రెండూ కింద పెడుతున్నాను. ముందు సారా గొంతు వినండి, ఆ తర్వాత ఎడ్వర్డ్స్‌ది.