అంకణం గొడవ

తమ్ముడు: నమస్తే అండీ. నెల్లూరు అక్క, ఒంగోలు తమ్ముడు మీ ప్రశ్నలకి జవాబు చెప్పే కార్యక్రమం ఇది. ఈ వారం మొత్తం, మొదటిసారి స్థలం కొనేవాళ్ళ ప్రశ్నలకేనని పోయినవారం మాటిచ్చాం. మొదటిది కావలి నుంచి. పది లక్షలున్నాయట, ప్లాటు కొనాలా, ఇంకొంచెం కూడబెట్టి ఫ్లాటుకి పోవాలా అంటున్నారు.

అక్క: ప్లాటే. కానీ వానలో చూసి కొనమను.

తమ్ముడు: మొదలెట్టావా! నీళ్ళు నిలుస్తాయేమో చూడాలంటావు, అంతేగా. ముందు డబ్బు సంగతి చెప్పక్కా.

అక్క: సరే. ఆ పది లక్షల్లోనే స్టాంపులకీ రిజిస్ట్రేషన్‌కీ 7.5 శాతం పక్కన పెట్టుకోమను. అది మర్చిపోయి చివరిరోజు చేబదుళ్ళకి తిరుగుతుంటారు.

తమ్ముడు: రెండోది మా ఒంగోలు నుంచి. నెల్లూరులో 33 అంకణాలు చూపించారట, అంటే ఎంత అని. ఇది ఒక్క నిమిషం పని. అంకణమంటే నేల కొలత, 8 చదరపు గజాలు, మొత్తం 264 గజాలు. అంటే 36 అడుగులకి 66 అడుగుల ప్లాటంత. మూడోది...

అక్క: ఆగు. ఎక్కడి అంకణం?

తమ్ముడు: నెల్లూరుదేగా అడిగింది?

అక్క: రేపు ఇదే లెక్క పట్టుకుని తిరుపతి వైపు పోతే? అక్కడ అంకణం 36 చదరపు అడుగులు, మా నెల్లూరులో 72, అంటే నువ్వు చెప్పిన 8 గజాలు. పేరొకటే, నేల సగం.

తమ్ముడు: అందుకే ఈ అంకణాలు మానేయండి అనేది. మా ఒంగోలులో గజాలు, సెంట్లు. గొడవే లేదు.

అక్క: మానేయడానికి నువ్వెవరు? మా నాన్న దస్తావేజు తీసి చూడు, అంకణాలే. ఎకరాకి 605 అని మా అమ్మ నోటిలెక్క చెప్పేది. తప్పు అంకణానిది కాదు, అడగకపోవడానిది.

తమ్ముడు: కొనేవాడికి ఇన్ని లెక్కలెందుకక్కా? అమ్మేవాడు గజాల్లో చెప్పి తీరాలి.

అక్క: చెప్పడు. మా బాబాయికి చెప్పలేదు. అంకణం రేటు నెల్లూరులో కంటే సగానికే వస్తోందని తిరుపతి వైపు 20 అంకణాలకి 50 వేలు అడ్వాన్సు ఇచ్చి సంబరంగా వచ్చాడు. సగం ధర ఎందుకో ఎవరికీ తట్టలేదు. నెల తిరిగాక బాబాయీ నేనూ టేపు పట్టుకుని పోయాం. లోతు 36 అడుగులు సరిగ్గానే ఉంది. ముందువైపు 40 వస్తుందనుకుంటే, 20 అడుగుల దగ్గరే సున్నం పూసిన రాయి. బాబాయి ఆ రాయి దాటి ఇంకో 20 అడుగులు లాగి, అక్కడే కూర్చుండిపోయాడు. అది పక్కవాళ్ళ ప్లాటు.

తమ్ముడు: ...ఇది నాకెప్పుడూ చెప్పలేదే.

అక్క: ఆయన ముందు ఎవరం ఎత్తం. అడ్వాన్సు తిరిగి రాలేదు.

తమ్ముడు: సరే, అయితే మాట మార్చుకుంటున్నా. అంకణాలంటే అనండి, కానీ అడ్వాన్సు ఇచ్చేముందే అడుగుల్లో కాగితం మీద రాయించుకోండి, టేపుతో కొలవండి. ఒప్పుకుంటావా?

అక్క: ఒప్పుకున్నా. కొలిచేది వానలో అయితే ఇంకా మంచిది.

తమ్ముడు: మూడోది, ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక్కటి చాలా? చాలదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనపడతాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా కనపడవు. లింకు డాక్యుమెంట్లు, అంటే ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, అడగండి.

అక్క: 22ఏ లిస్టు, అదే రిజిస్ట్రేషన్ చెయ్యని నిషేధిత భూముల జాబితా, అది కూడా చూడాలి. మా నెల్లూరు జిల్లాలో చుక్కల భూముల బాధ తెలుసుగా, పాత రికార్డుల్లో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలున్న భూములు. 2023 మేలో అప్పటి ప్రభుత్వం కావలిలో సభ పెట్టి చాలా వాటిని లిస్టులోంచి తీశామన్నారు. మీ సర్వే నంబరు సబ్ డివిజన్‌తో సహా నిజంగా తీశారా అన్నది మీరే చూసుకోవాలి.

తమ్ముడు: నాలుగోది రెరా, అంటే లేఅవుట్లనీ అపార్ట్‌మెంట్లనీ నమోదు చేసే ప్రభుత్వ సంస్థ. లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్లు దాటినా రెరా నంబరుండాలి. లేకపోతే వచ్చేయండి. చివరిది, రామాయపట్నం పోర్టు దగ్గర ఇప్పుడు కొనొచ్చా?

అక్క: ఇప్పుడెందుకు? కార్తీకం వానల దాకా ఆగమను.

తమ్ముడు: అక్కా...

అక్క: 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నువ్వు ఒంగోలులో ఉన్నావు. నెల్లూరులో మా వీధి ప్రహరీల మీద ఆ బురద గీత చాన్నాళ్ళు పోలేదు. ఆ గీత ఎంత ఎత్తుందో ఏ బ్రోచర్లో వేస్తారు? పోయి పక్కింటి ముసలమ్మని అడగాలి, నీళ్ళెంతదాకా వచ్చాయమ్మా అని.

తమ్ముడు: ఇంకా రెండు నిమిషాలే ఉందక్కా.

అక్క: ఆమె చెయ్యి ఎక్కడ పెట్టి చూపిస్తుందో, అక్కడ గీత గీసుకోమను.