టోర్నడో దొరకని రోజులు: గోపాల్‌పూర్ నుంచి వంశధార ఒడ్డు దాకా

అందరికీ నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఇప్పుడే ఒక గాలివాన వచ్చి వెళ్ళింది, కరెంటు కూడా వచ్చేసింది, మళ్ళీ పోయేలోపు ఈ వీడియో రికార్డ్ చేసేద్దామని కూర్చున్నా.

మా మావయ్య కాశీనగర్‌లో ఉంటారు, ప్రతి ఏడాదీ ఎండలు తగ్గాక ఒకటే మాట అడుగుతారు, "ఏరా, ఈ ఏడైనా దొరికిందా నీ సుడిగాలి?" అని. లేదు మావయ్యా అంటాను. "మరెందుకురా అంత పెట్రోలు తగలేస్తావు" అంటారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు, ఆరేళ్ళ నుంచి మార్చి వచ్చిందంటే నేనూ మా బావా బండేసుకుని మబ్బుల వెనకాలే తిరుగుతున్నాం, ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, మూడు జిల్లాలూ తిరిగాం, టోర్నడో, అంటే మబ్బు నుంచి నేల దాకా దిగే సుడిగాలి, అది మాత్రం ఒక్కటీ చూడలేదు. కానీ నా దగ్గరున్న మంచి రోజులన్నీ ఆ దొరకని రోజులే, అది ఆయనకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ వీడియో.

ఉరుముల మబ్బుల్లో సూపర్‌సెల్ అని ఒక రకం ఉంటుంది, దాని లోపల పైకి లేచే గాలి గిరగిరా తిరుగుతూ లేస్తుంది, పెద్ద టోర్నడోలు దాదాపు అన్నీ వీటి నుంచే వస్తాయి, అలాగని సూపర్‌సెల్ కట్టిందంటే టోర్నడో వచ్చేసినట్టు కాదు, చాలావాటికి రాదు. అమెరికాలో 2009లో వోర్టెక్స్ 2 అని టోర్నడోల మీద పరిశోధనకి పెద్ద ప్రాజెక్ట్ పెట్టారు, వందమందికి పైగా జనం, లారీల మీద బిగించిన రాడార్లు, మే నెల నుంచి ఆ మైదానాలన్నీ తిరిగారు, వారాలు గడిచిపోయాయి, చివరికి జూన్ 5న వయోమింగ్‌లోని గోషెన్ కౌంటీలో ఒకటి పుట్టిన దగ్గర్నుంచి దొరికింది. అంత సరంజామా ఉన్నవాళ్ళకే అలా ఉంది. ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రోజుని అక్కడ బస్ట్ అంటారు. నాకు ఆ మాట నచ్చదు.

మన వైపు ఇంకా కష్టం. వేడీ తేమా ఉంటే సరిపోదు, కింద ఒక దిక్కు గాలి, పైకెళ్ళేకొద్దీ ఇంకో దిక్కు గాలి, స్పీడు కూడా పెరగాలి, దీన్నే విండ్ షియర్ అంటారు. కాలబైశాఖి, అంటే ఎండాకాలపు ఉరుముల గాలివానల సీజన్‌లో కింద బంగాళాఖాతం నుంచి దక్షిణపు గాలి, పైన పడమటి గాలి ఉంటాయి కాబట్టి అసలు రాదని కాదు, ఉత్తర ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్‌లో వచ్చాయి కూడా. మేం చూసినవి మాత్రం ఎక్కువగా మబ్బులన్నీ కలిసిపోయి వరస కట్టి, ఒక్కసారిగా చల్లగాలి విసిరేసి సముద్రంలోకి వెళ్ళిపోయినవే.

అలాంటిదే గోపాల్‌పూర్ రోజు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడున్నర, బీచ్‌లో మన తెలుగు గంగపుత్రులు పడవలు పైకి లాగుతున్నారు, ఆకాశం చూస్తే పడమర కొంచెం నల్లగా ఉంది అంతే, ఫోన్‌లో వాన చూపించే రాడార్‌లో ఎర్ర మచ్చ ఇంకా బరంపురం అవతలే ఉంది. ఒక పెద్దాయన మా కెమెరా చూసి "బాబూ, గాలి తిరిగిపోనాది, ఇంక ఇక్కడ ఉండకండి" అన్నారు. మేం ఫోన్ చూస్తున్నాం, ఆయన ఒంటి మీద గాలి చూస్తున్నారు. పది నిమిషాల్లో షెల్ఫ్ క్లౌడ్ వచ్చేసింది, పూరింటి చూరు మొత్తం ఆకాశంలో ముందుకి జరిగొస్తున్నట్టు, మెట్లు మెట్లుగా, కింద ఆకుపచ్చ కలిసిన చీకటి. వానతో పాటు దిగిన చల్లగాలి నేలకి తగిలి ముందుకి పరుచుకుంటుంది, దాని ముందున్న వేడిగాలిని ఎత్తేస్తుంది, ఆ ఎత్తిన అంచే ఆ మబ్బు. చెమటతో తడిసిన చొక్కా ఒక్క క్షణంలో వీపుకి చల్లగా అంటుకుపోయింది.

అప్పుడే బావ అరిచాడు, "తొండం! తొండం!" అని. పక్కన ఒడియా పిల్లలు కూడా హాతీశుండ, హాతీశుండ అంటూ గెంతుతున్నారు, ఏనుగు తొండం అన్నమాట. నిజంగానే మబ్బు కింద నుంచి సన్నగా ఒకటి వేలాడుతోంది. నా చెయ్యి వణుకుతోంది, జూమ్ చేసి అలాగే పట్టుకున్నా. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, అది తిరుగుతుందా లేదా. చూడండి, ఎడమ అంచు పైకి పోతోంది, కుడి అంచూ పైకే పోతోంది, చుట్టూ తిరగట్లేదు, ఇదిగో ఇక్కడ తెగిపోయింది. ఇది స్కడ్, చిరిగిన మబ్బు పీలిక. ఆ ఒక్క ఫ్రేమ్ ఆపి టోర్నడో అని పెడితే లక్షల వ్యూస్ వచ్చేవేమో, పెట్టలేదు, పెట్టను కూడా. వెంటనే కెమెరా కట్టేసి ఒక సిమెంటు బిల్డింగ్‌లోకి పరిగెత్తాం, ఎందుకంటే మన దగ్గర ప్రాణం తీసేది టోర్నడో కన్నా పిడుగు, పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి, తాటిచెట్టు కిందకి మాత్రం అస్సలు వెళ్ళకండి.

ఇంకోటి మావయ్యా, 2009 మార్చి 31న కేంద్రాపడా జిల్లా రాజ్‌కనికాలో నిజమైన టోర్నడోనే వచ్చింది, పదిమందికి పైగా చనిపోయారు, ఊళ్ళు నేలమట్టం అయ్యాయి. అది గుర్తొస్తే, దొరకలేదు అన్న బాధ నాకు నోట్లోంచి రాదు. వస్తే ఎవరూ లేని బయల్లో రావాలి, మన జీడితోటల మీదా రేకుల ఇళ్ళ మీదా కాదు.

ఇక వంశధార రోజు. మే నెల, గుణుపూర్ దాటాక నది ఒడ్డున ఒక టీ బడ్డీ దగ్గర పన్నెండింటి నుంచి కూర్చున్నాం. ఉక్కపోత అంటే మామూలుది కాదు. నియమగిరి వైపు మబ్బులు కాలీఫ్లవర్లలా లేవడం, సగంలో తల తెగినట్టు అయిపోవడం, మళ్ళీ లేవడం, నాలుగు గంటలు ఇదే. పైన ఒక వేడిగాలి పొర ఉంటుంది, క్యాప్ అంటారు, ఉడికే అన్నం మీద బరువైన మూత పెట్టినట్టు. ఆ మూత ఎత్తుకోలేకపోతే ఎంత వేడి ఉన్నా మబ్బు కట్టదు. ఐదయ్యేసరికి బావ "పోదాం పదరా" అన్నాడు, బడ్డీ అక్క గ్లాసులు కూడా కడిగేసింది.

ఐదూ ముప్పావుకి ఒకచోట మూత లేచింది. ఒక్కటంటే ఒక్కటే మబ్బు, గంజి పొంగినట్టు అరగంటలో పైకంటా పోయింది, పైన తగిలి కమ్మరి దాగలిలా పరుచుకుంది, వెనకాల సూర్యుడు దిగుతుంటే ముందు పసుపు, తర్వాత పండిన జీడిపండు రంగు. అక్క గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, "రోజూ ఇక్కడే ఉంటాను బాబూ, ఎప్పుడూ తలెత్తి చూడలేదు" అంది. మా మీద చినుకు కూడా పడలేదు.

చీకటి పడ్డాక తీసింది ఇప్పుడు ప్లే చేస్తున్నా. లోపల మెరుపు మెరిసినప్పుడల్లా మబ్బు మొత్తం లాంతరులా వెలుగుతుంది చూడండి. సౌండ్ తీసేశాననుకోకండి, అది మాకు చాలా దూరం, ఉరుము ఇరవై కిలోమీటర్లు దాటి వినపడడం కష్టం, మీకు వినిపించేది నదీ కప్పలూ మాత్రమే. నాలుగు నిమిషాలుంది, ఎక్కడా కట్ చెయ్యలేదు, ఇంక నేను మాట్లాడను.