పెదవులు కదిపితే చాలన్నాను

(పాఠశాలల సంగీత ఉపాధ్యాయుల శిక్షణ శిబిరంలో ఒక విశ్రాంత సంగీతోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నా తోటి సంగీతం టీచర్లకు నమస్కారం. శాలువా కప్పారు, మంచిమాటలు చెప్పారు, సంతోషం. నాకిచ్చిన అంశం ‘బృందగాన నిర్వహణలో మెలకువలు’. రాసుకొచ్చాను కూడా. ఆ కాగితం కాసేపు పక్కన పెడతాను.

పొద్దున జెండా దగ్గర ఈ బడి పిల్లలు జనగణమన పాడారు. మీరూ విన్నారు. ముందు వరసలో గట్టి గొంతున్న అబ్బాయి ఎత్తుకున్నాడు, మిగతావాళ్లు అందుకున్నారు. పాట అయ్యాక శ్రుతిపెట్టెలో చూసుకున్నాను, నాలుగు శ్రుతి. అంకె పెరిగేకొద్దీ పాట ఎత్తు పెరుగుతుంది. జనగణమనలో అన్నిటికన్నా కింది స్వరం మంద్ర నిషాదం, అంటే మూల ‘స’కు కింది ‘ని’. పైది తార షడ్జం, అంటే పై ‘స’. ఒక స్థాయి, అంటే ‘స’ నుంచి పై ‘స’ దాకా, దానికంటే కాస్త ఎక్కువ, అంతే. ఒకటి శ్రుతిలో మొదలుపెడితే చిన్నపిల్లలు హాయిగా పాడతారు. నాలుగులో మొదలుపెడితే ‘జయహే’ దగ్గర సగం మంది అరుస్తారు, సగం మంది మానేస్తారు. పొద్దున జరిగింది అదే. యాభై రెండు సెకన్ల పాట. రోజూ పాడే పాట. దానికి శ్రుతి ఇచ్చే దిక్కు లేదు. మనం అక్కడే నిలబడి ఉన్నాం!

ఆ పాటకూ మనకూ ఉన్న సంబంధం మీకు తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియసాఫికల్ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టా తీసుకున్న మనిషి. ఠాగూర్ పాడితే విద్యార్థులు గొంతు కలిపారు. ఆమె వాళ్లతో పాడించుకుంటూ స్వరాలు రాసుకున్నారు. ఠాగూర్ ఆ పాటను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నదీ అక్కడే. ఒక మహాకవి, ఒక సంగీతం టీచరు, కొంతమంది పిల్లలు. మదనపల్లె అనగానే నాకు మొదట ఆ టీచరే గుర్తొస్తారు.

ఇప్పుడు అసలు మాట. నా ఉద్యోగం కొత్తలో ఆగస్టు పదిహేనుకు పాట తయారు చేస్తున్నాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు. గొంతు మారుతున్న వయసు. వాడు పాడితే పైస్వరం జారిపోతుంది, పక్కవాళ్లు నవ్వుతారు. కలెక్టర్‌గారు వస్తున్నారని నాకు కంగారు. ‘నువ్వు పాడొద్దురా, పెదవులు కదిపితే చాలు’ అన్నాను. వాడు తలూపాడు. మా బడికి ఆ రోజు మొదటి బహుమతి వచ్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత బస్టాండులో పలకరించాడు. కూతురి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు: ‘పాప బడిలో జెండా పండక్కి వెళ్తుంటాను మేడం. జనగణమన వస్తే ఇప్పటికీ పెదవులే కదుపుతాను.’ నాకు నోట మాట రాలేదు.

ఆ పిల్లవాడికి ఏం చెయ్యాలో ఆ రోజు నాకు తెలియదు. ఎవరూ నేర్పలేదు. నా డిప్లొమాలో వర్ణం ఉంది, కృతి ఉంది, కల్పనస్వరం ఉంది. అన్నీ ఒక్కదాన్నే కూర్చుని పాడుకునేవి. నలభై మంది పిల్లల ముందు నిలబడి చెయ్యి ఎలా ఎత్తాలో లేదు. గొంతు మారే పిల్లవాడి సంగతి అసలే లేదు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ అనే బృందగాన బృందం పెట్టి, ఎన్నో భాషల పాటల్ని వేరువేరు గొంతులకు పంచి పాడించారు. నా చదువంతటిలో ఆయన పేరు ఒక్కసారి కూడా వినలేదు. పోనీ, ఉద్యోగంలో చేరాక శిక్షణలు? ప్రారంభోపన్యాసం, టీ, రెండు దేశభక్తి గీతాల జిరాక్సులు, భోజనం, సర్టిఫికెట్. ఎన్నిటికి వెళ్లానో లెక్కలేదు. ఒక్కదానిలోనూ ఒక్క పిల్లవాడి గొంతు వినిపించలేదు.

నాకు నేర్పింది మా ఊరి చర్చిలో క్వయర్ మాస్టర్. శనివారం సాయంత్రం వాళ్ల సాధన జరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. లోపలికి పిలిచారు. నేను పాడిస్తుంటే చూసి, ‘మీరు తాళం వేస్తున్నారమ్మా, ఊపిరి ఇవ్వడం లేదు’ అన్నారు. చూడండి, ఇలా. మనం తొడ మీద దెబ్బ వేసి, పుస్తకంలోకి చూస్తూ మొదలుపెడతాం. ఆయన చెయ్యి ముందు పైకి లేస్తుంది. లేస్తున్నప్పుడు ఆయన ఊపిరి తీసుకుంటారు. చూస్తున్న పిల్లలూ తీసుకుంటారు. చెయ్యి దిగేసరికి అందరి గొంతూ ఒక్కసారే వస్తుంది. ఆపడమూ అంతే. మన తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక ఆపితే పాట చివర తోకలు తోకలుగా వినిపిస్తుంది. వేళ్లు ఇలా దగ్గరికి తెస్తే ఆగాలని ముందే చెప్పుకోవాలి. వెనక వరసలో ఉన్నవాళ్లు, కనిపిస్తోందా? లేచి చూడండి, పర్వాలేదు.

గొంతు మారే అబ్బాయి గురించి కూడా ఆయనే చెప్పారు. వాడికి ఆ రోజుల్లో నాలుగైదు స్వరాలే నిలుస్తాయి. అవేవో కనుక్కోవాలి. వాటిలో ఆధార షడ్జమో (మూల ‘స’) పంచమమో (‘ప’) ఉండేలా శ్రుతి పెట్టి, ఆ ఒక్క స్వరం వాడికి అప్పజెప్పాలి. మిగతావాళ్లు పాట పాడుతుంటే వాడు కింద దాన్ని పట్టుకుని నిలబడతాడు. తంబురా ఉన్నట్టుంటుంది. అప్పుడు ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ వాడి మీదే నిలబడి ఉంటారు. ఆ తర్వాత నా సర్వీసంతా అలాగే చేశాను. ఆ ఒక్కడికి మాత్రం చెయ్యలేదు.

అధికారులు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. శిక్షణలో ఉపన్యాసాలు తగ్గించండి, నాదీ కలిపి. రోజుకు రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒక్కో టీచరు వచ్చి పాడించాలి, మిగతావాళ్లు వినాలి, విన్నది చెప్పాలి. డబ్బు ఖర్చేం లేదు. సంగీతం టీచర్‌ని ఆ శిక్షణ రోజుల్లోనైనా ఇన్విజిలేషన్‌కీ రిజిస్టర్లకీ పిలవకండి.

నేను హెడ్మాస్టర్‌గారిని అడిగి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇరవై మందిని వరండాలో కూర్చోబెట్టించాను. వాళ్లలో గొంతు మారుతున్నవాళ్లు ఆరుగురున్నారు. బాబూ, ఆ తలుపు తియ్యి, లోపలికి రమ్మను. కుర్చీలు కాస్త వెనక్కి జరపండి. శ్రుతి ఒకటికి పెడుతున్నాను.

ముందు ఎవరు వస్తారు?