ట్రిబ్యునల్‌కు రాయాల్సిన మా ఇంటి కథ

అందరికీ నమస్కారం. ఈ శనివారం వీడియోలో వంట లేదు, షాపింగ్ లేదు. డాలస్‌లో తెల్లవారుజాము నుంచి వాన కురుస్తూనే ఉంది, బాబు ఇంకా నిద్ర లేవలేదు, నేను డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్‌గారి పరిధిలోని చర్చి న్యాయస్థానం, పంపిన ప్రశ్నల పత్రం ముందు కూర్చున్నాను. కోర్టు విడాకులు వచ్చి రెండేళ్లయింది. 2012లో మా విచారణ (పారిష్) గుడిలో జరిగిన నా పెళ్లి మొదటి నుంచీ చెల్లనిదని శ్రీసభ, అంటే కథోలిక చర్చి, ప్రకటించాలని ఇప్పుడు నేను కోరుతున్నాను. పెళ్లి గుంటూరు జిల్లాలో జరిగినా, 2015లో పోప్ ఫ్రాన్సిస్ చేసిన మార్పుల వల్ల నేను నివసించే చోటే అర్జీ పెట్టుకోగలిగాను.

దీన్ని కథోలికుల విడాకులు అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది సరికాదు. కాపురం ఎందుకు చెడిందన్నది కాదు, గుడిలో బలిపీఠం ముందు నిలబడి "సమ్మతమే" అన్న క్షణంలో ఆ సమ్మతి నిజమైనదేనా అన్నది ట్రిబ్యునల్ తేల్చవలసిన విషయం. అందుకే పత్రంలో మా గొడవల కంటే ముందు మా పుట్టింటి గురించిన ప్రశ్నలున్నాయి. మీ తల్లిదండ్రుల దాంపత్యం ఎలా ఉండేది? ఇంట్లో నిర్ణయాలు ఎవరివి? మీరు కాదనగలిగేవారా? మూడో ప్రశ్న దగ్గర కాఫీ చల్లారిపోయింది.

మాది ఫిరంగిపురం వైపు కథోలిక రెడ్డి కుటుంబం. ఫ్రెంచి జెస్యూట్ గురువుల కాలం నుంచి, అంటే 18వ శతాబ్దం నుంచి ఈ విశ్వాసంలో ఉన్నామని తాతయ్య గర్వంగా చెప్పేవారు. ఫిబ్రవరి వస్తే గుణదల మాత ఉత్సవానికి వెళ్లవలసిందే, రాత్రి జపమాల పూర్తికానిదే నాయనమ్మ ఎవరికీ అన్నం పెట్టేది కాదు. సంబంధం చూడాలంటే మతమూ కలవాలి, కులమూ కలవాలి. ఆ రెండూ కలిసే ఇళ్లు ఎన్నుంటాయి? నాన్నగారి నోటుబుక్కులో మొత్తం పదకొండు పేర్లుండేవి, అందులో తొమ్మిదింటిని ఆయన ఎర్ర సిరాతో కొట్టేశారు. అమెరికా సంబంధం వచ్చేసరికి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అబ్బాయి సెలవు అయిపోతోందని, పెళ్లిచూపుల నుంచి పెళ్లికి పందొమ్మిది రోజులే మిగిలాయి. పెళ్లికి అభ్యంతరముంటే చెప్పమని గుడిలో మూడు ఆదివారాలు చేసే ప్రకటనలకు అవి సరిగ్గా సరిపోయాయి.

ఎవరూ నన్ను కేకలేయలేదు, కొట్టలేదు. పెళ్లికి ముందు మా పారిష్ ఫాదర్ నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి, "ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?" అని అడిగారు. వరండాలో నాన్నగారు షామియానా అతనితో బేరమాడుతున్న మాటలు లోపలికి వినిపిస్తున్నాయి. "లేదు ఫాదర్" అని సంతకం పెట్టాను. వివాహ బంధం పక్షాన వాదించే అధికారి ఒకరు ట్రిబ్యునల్‌లో తప్పనిసరిగా ఉంటారు, ఆయన ఆ సంతకాన్నే నాకు చూపించవచ్చు. పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడం ఒక్కటే కారణంగా చాలదనీ, పెద్దల పట్ల భయభక్తులు సహజమే గనుక ఆ భయం నిజంగా తీవ్రమైనదని నిరూపించాలనీ నాకు సాయం చేస్తున్న ఫాదర్ ముందే చెప్పారు. నాన్నగారు ఇప్పుడు లేరు. తిరిగి బదులు చెప్పలేని మనిషి గురించి రాస్తున్నప్పుడు ప్రతి వాక్యం ఆయన్ను నిందిస్తున్నట్టే అనిపించి, రాసినదాన్ని నాలుగుసార్లు చెరిపేశాను.

అమ్మ నా సాక్షుల్లో ఒకరు. మొన్న ఫోనులో ముందుగా బాబు గురించే అడిగింది. పెళ్లి చెల్లదని తేలినా పిల్లలు సక్రమ సంతానమేనని శ్రీసభ చట్టంలోనే ఉందని చెప్పాక కొంత కుదుటపడింది. తరువాత, "నన్నూ పదిహేడేళ్లకు అడక్కుండానే ఇచ్చారే, అయితే నా పెళ్లీ చెల్లనట్టేనా?" అంది. నవ్వబోయి ఆగిపోయాను. నలభై ఏళ్లు ఆవిడ ఆ కాపురాన్ని తనదిగా చేసుకుంది, నేను చేసుకోలేకపోయాను. ఈ తేడా ఏ గడిలో రాయాలో పత్రం చెప్పదు.

ఇందాక అమ్మ రాసిన వాంగ్మూలం ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. గీతల కాగితం మీద ఒత్తుగా, ఆవిడ గుండ్రటి అక్షరాలు. అమ్మాయి సమ్మతిని ఎవరు అడిగారన్న ప్రశ్నకు ఎదురుగా ఇలా రాసింది: "వాళ్ల నాన్న అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే వద్దంటుందని నాకు తెలుసు."