ఆడపిల్లకి డ్రాయింగు ఎక్కదన్నది ఎవరు?

(విశాఖపట్నం నుంచి వారం వారం వచ్చే ఫోన్-ఇన్ కార్యక్రమం. స్టూడియోలో యాంకర్, అతిథిగా పిల్లల సైకాలజిస్ట్.)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. టెన్త్ ఫలితాలు వచ్చాక ఏ ఇంట్లో చూసినా ఏ గ్రూపు అన్న గొడవే కదండీ. లైన్లు అప్పుడే నిండిపోయాయి. హలో, ఎక్కణ్నుంచండీ?

శ్రోత: గాజువాక నుంచమ్మా. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్ని. మా పాప పది పాసయింది. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. ఎంపీసీ తీసుకుంటానంటది, ఆనక మెకానికల్ చేస్తదంట. మా బావమరిదేమో వాట్సాప్‌లో వీడియో ఒకటి పంపించాడు. ఆడపిల్లల బుర్రకి డ్రాయింగులు, మ్యాపులు ఎక్కవంట, సైన్సే తేల్చేసిందంట. బైపీసీలో పడేద్దామని ఇంట్లో అందరూ అంటన్నారు.

డాక్టర్: పాప ఏమంటోంది?

శ్రోత: ఏడుస్తందమ్మా.

డాక్టర్: సరే. ఆ వీడియోలో ఒక నిజం ఉంది, దాని చుట్టూ బోలెడు అబద్ధం ఉంది. ముందు నిజం చెబుతాను. చిన్న చిన్న ఘనాలు పది అతికించి, మూడు చోట్ల వంచిన బొమ్మ ఊహించుకోండి. పక్కన అలాంటిదే ఇంకోటి, తిప్పేసి ఉంటుంది. రెండూ ఒకటేనా, లేక అద్దంలో బొమ్మలా తిరగబడిందా అనేది ప్రశ్న. 1971లో షెపర్డ్, మెట్జ్లర్ అనే ఇద్దరు ఈ ప్రయోగం చేశారు. బొమ్మ ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబుకి అంత ఎక్కువ సమయం పట్టింది, సెకనుకి దాదాపు 60 డిగ్రీల లెక్కన. అంటే మనుషులు మనసులో ఆ బొమ్మని నిజంగానే తిప్పి చూసుకుంటున్నారన్నమాట. ఈ రకం పరీక్షలో సగటున మగవాళ్లకి ఎక్కువ మార్కులు వస్తాయి. ఎన్నో దేశాల్లో, ఎన్నోసార్లు తేలిన మాట ఇది. నేను దాచను.

శ్రోత: అంటే వీడియో కరెక్టేనన్నమాట.

డాక్టర్: ఆగండి బాబూ. అది సగటు. ఆ సగటు మగవాడికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునే ఆడవాళ్లు పదిమందిలో దాదాపు ముగ్గురుంటారు. మీ పాప ఆ ముగ్గురిలో ఉందో, మిగతా ఏడుగురిలో ఉందో వీడియో చేసినవాడికేం తెలుసు? ఇంకోటి. పరీక్షకి టైం పరిమితి తీసేస్తే ఆ తేడా తగ్గిపోతుంది. కాగితం మడిచి, రంధ్రం పొడిచి, విప్పితే రంధ్రాలు ఎక్కడెక్కడ వస్తాయో చెప్పే పరీక్ష ఉంది, అందులో తేడా చాలా స్వల్పం. ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పరీక్షల్లో ఆడవాళ్లదే పైచేయి. వీటిని ఏ బావమరిదీ ఫార్వర్డ్ చెయ్యడు. అది సరే, మీరు షెడ్డులో డ్రాయింగ్ చూసే కదా పని చేస్తారు?

శ్రోత: అవునమ్మా. ఫ్రంటు, టాపు, సైడు, మూడు వ్యూలూ చూడాలి.

డాక్టర్: చేరిన రోజే అర్థమైపోయాయా?

శ్రోత: (నవ్వు) ఎక్కడ! ఫ్లాంజికి రంధ్రాలు ఏ పక్కకొస్తాయో తెలిసేది కాదు. మా మేస్త్రీ చాక్‌పీసుతో నేల మీద గీసి, పక్కన ఇనప ముక్క పెట్టి, తిప్పి తిప్పి చూపించేవాడు.

డాక్టర్: మరి అది నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చిందా? మీ మేస్త్రీ చేసిన పనే అమెరికాలో మిషిగన్ టెక్ యూనివర్సిటీలో 1993 నుంచి చేశారు. షెరిల్ సార్బీ అని ఇంజినీరింగ్ ప్రొఫెసరు. మొదటి సంవత్సరంలో ఈ విషయంలో వెనకబడ్డ విద్యార్థులకి విడిగా ఒక కోర్సు పెట్టింది. ఘనాలు చేత్తో పట్టుకుని గీయడం, తిప్పి గీయడం, కోసినట్టు ఊహించి గీయడం. ఆ కోర్సు చదివినవాళ్లకి గ్రాఫిక్స్‌లో, అంటే ఇంజినీరింగ్ డ్రాయింగులో, మార్కులు పెరిగాయి, మధ్యలో ఇంజినీరింగ్ వదిలేసే ఆడపిల్లలు తగ్గారు. 2013లో ఇలాంటి శిక్షణ మీద వచ్చిన 217 అధ్యయనాల్ని కలిపి చూస్తే ఆడా మగా ఇద్దరూ మెరుగుపడ్డారని తేలింది. నేర్చుకున్నది నిలిచింది కూడా. ఇంతకీ మీ ఆవిడ ఏం చేస్తారు?

శ్రోత: కుట్టు మిషనమ్మా. జాకెట్లు కుడతది.

డాక్టర్: జాకెట్టు చేతులు కత్తిరించేటప్పుడు చూశారా ఎప్పుడైనా? చంక దగ్గర ముందువైపు లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. బట్ట మడత తప్పు వేస్తే రెండు చేతులూ ఒక పక్కవే వచ్చి కూర్చుంటాయి. కత్తెర పెట్టకముందే ఆవిడ మనసులో ఒకదాన్ని తిరగేసి చూసుకుంటుంది. ఆ పరీక్షలో అడిగేదీ అదే. మీ ఇంట్లో రోజూ జరుగుతున్నా దానికి ఎవరూ మార్కులు వెయ్యరు.

శ్రోత: అవునమ్మా... ఆ ఊసే మాకెప్పుడూ తట్టలేదు.

డాక్టర్: పాపకి లెక్కలంటే ఇష్టమైతే ఎంపీసీలో చేర్చండి. సెలవుల్లో ఒక రోజు మీ డ్రాయింగ్ ఒకటి, దానికి సరిపోయే ముక్క ఒకటి ఇంటికి పట్టుకెళ్లి ముందు పెట్టండి. బైపీసీ తనకే ఇష్టమైతే అది వేరే మాట. వీడియో చూసి మాత్రం నిర్ణయించకండి.

యాంకర్: తర్వాతి కాల్ మధురవాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. మాది దీనికి రివర్సు. బాబుకి నాలుగేళ్లు. పజిల్ ముక్కలు పెట్టలేడు, విసిరికొడతాడు. మా ఆడపడుచు కూతురు అదే వయసు, చకచకా పెట్టేస్తుంది. మా అత్తయ్య గారు రోజూ ఒకటే మాట, మగపిల్లాడై ఉండి ఇదేంటి అని.

డాక్టర్: పాపం, సగటు గోల వీడికీ తగులుకుందన్నమాట. ఈ వయసులో ఆడా మగా తేడా వెతికి పట్టుకోవాల్సినంత చిన్నది. చూపు పరీక్ష చేయించారా? చేయించండి, ఒక్కోసారి అదీ ఉంటుంది. ఇక పజిల్ సంగతి. షికాగోలో 2012లో వచ్చిన అధ్యయనంలో, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలతో ఆడుకుంటుంటే వీడియో తీశారు. పజిల్స్ ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్లకి, ముక్కలు తిప్పి కలిపే పరీక్షలో ముందున్నారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఆడటం సమానంగానే ఆడారు. కానీ మగపిల్లల ముందు కష్టమైన పజిల్స్ ఉన్నాయి, పెద్దవాళ్లు వాళ్లతో కూర్చుని ఎక్కువ మాట్లాడారు.

శ్రోత: అయితే ఖరీదైన పజిల్ కొనాలా మేడం?

డాక్టర్: వద్దు, నాలుగు ముక్కలదే చాలు. మాట మార్చండి. మనం పిల్లలతో ‘అక్కడ పెట్టు, ఇదిగో ఇక్కడ’ అనేస్తాం. దాని బదులు ‘అంచు నున్నగా ఉంది చూడు, ఇది మూలకి వెళ్తుందేమో, తలకిందులుగా తిప్పు’ అనండి. పెద్దవాళ్ల నోట ఇలాంటి మాటలు ఎక్కువ విన్న పిల్లలు తామూ ఆ మాటలే వాడారని, తర్వాత ఈ పరీక్షల్లో బాగా చేశారని అక్కడే 2011లో తేలింది. వంటింట్లో స్టీలు డబ్బాలన్నీ కింద పెట్టి, ఏ మూత దేనిదో వాణ్ని తేల్చమనండి. చప్పుడు భరించాలి, అంతే. అత్తయ్య గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, మూతలు ఆవిడకే బాగా తెలుస్తాయి.

యాంకర్: పెదవాల్తేరు నుంచి మాస్టారొకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: రిటైర్డ్ సైన్సు మాస్టార్నమ్మా. అంతా పెంపకమే అనడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. నెలల పసికందుల్లోనే తేడా కనిపెట్టారని నేను చదివాను. దానికేమంటారు?

డాక్టర్: మీరు చదివింది నిజమే మాస్టారూ. 2008లో రెండు బృందాలు వేర్వేరుగా మూడు నుంచి ఐదు నెలల పిల్లల మీద చేశాయి. తిప్పిన బొమ్మకీ అద్దంలో బొమ్మకీ తేడా మగపిల్లలు గుర్తించినట్టు వాళ్ల చూపుల్లో తెలిసింది, ఆడపిల్లల్లో తెలియలేదు. కానీ తర్వాత వచ్చిన ప్రయోగాల్లో కొన్నిటిలో అది కనబడింది, కొన్నిటిలో కనబడలేదు. 2019లో మూడేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, చిన్నప్పుడు తేడా స్వల్పం, ఎదిగే కొద్దీ పెరుగుతుంది. హార్మోన్లకి ఏ పాత్రా లేదని నేననను.

శ్రోత: మరింకేం!

డాక్టర్: మన దేశంలో జరిగింది కూడా వినండి. 2011లో ప్రచురించారు. ఈశాన్యంలో ఖాసీలు, కర్బీలు పక్కపక్కనే ఉంటారు. ఇద్దరిదీ వ్యవసాయమే. ఖాసీల్లో ఆస్తి చిన్న కూతురికి పోతుంది. కర్బీల్లో భూమి మగవాళ్లదే. దాదాపు 1300 మందికి నాలుగు ముక్కల గుర్రం బొమ్మ ఇచ్చి పూర్తి చెయ్యమన్నారు. కర్బీల్లో మగవాళ్లు ఆడవాళ్లకంటే మూడో వంతుకు పైగా తక్కువ సమయంలో పెట్టేశారు. ఖాసీల్లో ఆడా మగా తేడా లేనేలేదు. కర్బీ ఆడవాళ్లకి చదువు తక్కువ కావడం కూడా ఒక కారణమని లెక్కలో తేలింది.

శ్రోత: ఒక్క అధ్యయనంతో ఎలా తేలుస్తామమ్మా?

డాక్టర్: తేల్చలేం. ఒక్క వీడియోతోనూ తేల్చలేం కదా మాస్టారూ. మీ క్లాసులో ప్రయోగం చేసేటప్పుడు ప్రిజం, కటకం ఎవరి చేతికిచ్చేవారు?

శ్రోత: (కాస్త ఆగి) ముందు బెంచీ మగపిల్లలకే ఇచ్చేవాణ్నిలే. ఆడపిల్లలు నోట్సు బాగా రాసేవారు.

యాంకర్: (నవ్వు) ఆఖరి కాల్, రెండు నిమిషాలే ఉంది. ఎంవీపీ కాలనీ.

శ్రోత: హాయ్ మేడం, డిగ్రీ చదువుతున్నాను. ఫోన్లో మ్యాప్ లేకపోతే నాకు జగదాంబ నుంచి ఇంటికి రావడం కూడా రాదు. స్కూటీ ఎక్కితే అందరూ వెక్కిరిస్తారు. ఇది మారుతుందా?

డాక్టర్: లండన్ టాక్సీ డ్రైవర్లు ఆ ఊరి వీధులన్నీ కంఠతా పడితేగానీ లైసెన్సు ఇవ్వరు. 2000లో వాళ్ల మెదడు స్కాన్ చేస్తే, దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలువాళ్లకంటే పెద్దగా ఉంది. ఎన్నేళ్లు ఎక్కువ నడిపితే అంత పెద్దది. మరి నువ్వు దారంతా ఫోన్ చెప్పినట్టే తిరుగుతున్నావు. వెళ్లేటప్పుడు మ్యాప్ చూడు, వచ్చేటప్పుడు జేబులో పెట్టు. మలుపు దగ్గర ఆగి, సముద్రం ఎటుందో ముందు తేల్చుకో. మన ఊళ్లో అదొక సుఖం. ఇప్పుడే చేద్దాం. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడ్డావు. కైలాసగిరి ఎటు?

శ్రోత: ఎడమ.

డాక్టర్: డాల్ఫిన్స్ నోస్?

శ్రోత: కుడి.

డాక్టర్: ఇప్పుడు అక్కడే వెనక్కి తిరిగావు, వీపు సముద్రం వైపు. కైలాసగిరి?

శ్రోత: ఎడమే... ఉండండి మేడం... కాదు, కుడి!

డాక్టర్: చూశావా, ఇందాక సెకనుకి ఇన్ని డిగ్రీలు అన్నాను, అదే ఇప్పుడు నీ బుర్రలో తిరిగింది. కాస్త టైం పట్టింది, అంతే.

యాంకర్: టైం మాకూ అయిపోయింది. లైన్లో మిగిలినవాళ్లు వచ్చే వారం కాస్త ముందుగా ఫోన్ చెయ్యండి, నమస్కారం.