ఫోన్-ఇన్: మతిమరుపుకి ఆకులు, పొడులు, మాత్రలు

యాంకర్: కావలి నుంచి ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా అమ్మకి 76. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతా ఉండాది. చెప్పిందే చెప్తా ఉండాది. జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రలు, పసుపు క్యాప్సూల్స్ తెప్పించినా. రెండూ కలిపి వెయ్యొచ్చా?

డాక్టర్: ఆగండమ్మా. ఇప్పుడు ఏ మందులు వాడుతోంది?

కాలర్: షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఎనిమిదేళ్ల నుంచి. పోయినేడు గుండెకి స్టెంట్ వేసినారు, దానికి ఇంకో రెండు.

డాక్టర్: అవి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి. వాటి మీద జింకో వేస్తే రక్తస్రావం కావచ్చు. పసుపు సారం క్యాప్సూల్‌తోనూ అదే భయం. మందుల చీటీ చూపించకుండా ఏ పొడీ మొదలుపెట్టొద్దు. స్టెంట్ మాత్రలు మాత్రం ఆపొద్దు!

కాలర్: జింకో మెదడుకి మంచిదన్నారే సార్?

డాక్టర్: అమెరికాలో 75 దాటిన 3,069 మందిని తీసుకుని, సగం మందికి రోజుకి 240 మిల్లీగ్రాముల జింకో, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆరేళ్లు చూశారు. డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, రావడం తగ్గలేదని 2008లో తేలింది. మెదడు ఒంటి బరువులో నూటికి 2 వంతులే, ఆక్సిజన్ మాత్రం 20 వంతులు లాగేస్తుంది. అందుకే ఆక్సీకరణ దెబ్బ, అంటే ఆక్సిజన్ వాడకంలో పుట్టే పదార్థాలు కణాల్ని దెబ్బతీయడం, దానికెక్కువ, వయసుతో ఇంకా పెరుగుతుంది. అది నిజమే. ఆ దెబ్బని జింకో, పసుపు ఆపుతాయంటారు. కానీ ల్యాబులో గాజుగొట్టంలో పనిచేసింది మెదడు దాకా చేరొద్దూ? పసుపులో పనిచేసే పదార్థం, కర్క్యుమిన్, నూటికి 3 వంతులే, అందులోనూ పేగులు పట్టేది రవ్వంత.

కాలర్: అయితే పసుపు క్యాప్సూల్ ఒక్కటన్నా...

డాక్టర్: వద్దన్నా కదమ్మా! కూరలో పసుపు చాలు. ముందు బీ12, థైరాయిడ్ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 పడిపోతుంది, దాంతోనూ మరుపొస్తుంది. అది సరిచేయగలిగేది. ఇక తిండికొస్తే, మునగాకు గుప్పెడు, పప్పు దించే ముందు వేసి మూతపెట్టండి, అయిదు నిమిషాలు. ఆకు ఉడికిన నీళ్లు పారబోస్తే సి విటమిన్ పోయినట్టే. తాలింపులో నూనె ఉండాలి, లేకపోతే ఆకులో ఉండే, ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ ఒంటికి పట్టదు.

యాంకర్: పొదిలి నుంచి మరొకరు.

కాలర్: ఉసిరికాయ పచ్చడి రోజూ తింటే మంచిదేనా?

డాక్టర్: బీపీ ఉందా? ఉందా! మరి ఆ ఉప్పు? మెదడు రక్తనాళాలకి బీపీని మించిన శత్రువు లేదు. పచ్చి కాయ ఒకటి కొరుక్కోండి.

యాంకర్: ఆత్మకూరు కాలర్, త్వరగా.

కాలర్: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడతా ఉండా సార్. ఆకుకూర మానెయ్యాలా?

డాక్టర్: మానొద్దు. వారం వారం ఒకే మోతాదులో తినండి. ఒక్కసారిగా పెంచినా తగ్గించినా ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూపే లెక్క, మారిపోతుంది. చీటీ చూపించకుండా పొడులు...

యాంకర్: సమయం అయిపోయింది డాక్టర్ గారూ. ధన్యవాదాలు.