బాల్కనీలో ముందు ఎండ చూడండి, తర్వాత గింజలు కొనండి

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఇవాళ బాల్కనీలో కూరగాయలు పెంచడం గురించి మాట్లాడుకుందాం. మిద్దె తోట గురించి కాదండోయ్, అచ్చంగా బాల్కనీ గురించే. ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే చాలామంది ఫోన్లో మిద్దె తోటల వీడియోలు చూసేసి అదే పద్ధతి తెచ్చి బాల్కనీలో పెట్టేస్తారు, తర్వాత టమాట మొక్క సన్నగా పొడుగ్గా సాగిపోయింది, పూత లేదు, కాయ లేదు, మా చెయ్యి మంచిది కాదేమో అని బాధపడుతుంటారు. చేతిదేం తప్పు లేదండీ. మిద్దె మీద అయితే పైన ఆకాశం ఉంటుంది, మన బాల్కనీకి పైన ఇంకొకళ్ల బాల్కనీ ఉంటుంది. మొత్తం తేడా అక్కడే.

అందుకని నర్సరీకి వెళ్లకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఏదైనా ఒక ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా గంటకోసారి బాల్కనీలోకి తొంగి చూసి ఎండ ఎక్కడిదాకా పడుతోందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. సాయంత్రానికి ఏ మూలకి ఎన్ని గంటల ఎండ వస్తోందో నేల మీదే కనిపిస్తుంది. ఆరు గంటలు పడే చోటు ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు, మిరప, వంగ, బెండ, టమాట ఏదైనా పెట్టుకోవచ్చు. మూడు నాలుగు గంటలైతే ఆకుకూరలు. అంతకన్నా తక్కువైతే పుదీనా, బచ్చలి లాంటివి, అవి కొంచెం నీడకి ఓర్చుకుంటాయి. ఎండ రానిచోట ఎంత ఎరువేసినా కాయ రాదు, ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ సుద్ద గీతలు ఏడాదంతా ఒకేచోట ఉండవు. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం మన నీడ సరిగ్గా మన కాళ్ల కిందకే వచ్చేస్తుంది, జీరో షాడో డే అని పేపర్లో వేస్తారు చూడండి, అదే. మళ్లీ ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి వస్తుంది. ఈ రెండిటి మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరం వైపుకి జరిగి ఉంటాడు, కాబట్టి దక్షిణం వైపు బాల్కనీలో ఆ రోజుల్లో నేరుగా ఎండ పడదు, పై స్లాబు అడ్డం వస్తుంది. అదే డిసెంబర్ వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి బాగా వాలిపోయి ఎండ ఏటవాలుగా హాల్లో సోఫా దాకా వచ్చేస్తుంది. అంటే దక్షిణం బాల్కనీ వాళ్లకి కూరగాయల సీజన్ చలికాలం అనమాట. వాస్తు చూసుకునేవాళ్లు వద్దనుకున్న ఫ్లాటు మీకు వచ్చిందనుకోండి, చలికాలంలో మీ టమాటాలు చూసి వాళ్లే కుళ్లుకుంటారు. విజయవాడ, విశాఖ వాళ్లకి కూడా కొద్ది రోజుల అటూ ఇటుగా ఇదే లెక్క. తూర్పు వైపు బాల్కనీ అయితే ఏడాదంతా పొద్దుటి లేత ఎండ, కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. పడమర అంటే మధ్యాహ్నం రెండు దాటాక పేల్చేస్తుంది, ఎండాకాలంలో అక్కడ మొక్క నిలవాలంటే షేడ్ నెట్ కట్టాల్సిందే. ఉత్తరం వాళ్లు మాత్రం కాయగూరల ఆశ పక్కన పెట్టేసి పుదీనాతో సరిపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

సరే, ఎండ సంగతి తేలింది, ఇక కుండీలు. వేలకి వేలు పోసి సెట్లు కొనకండి మొదట్లోనే. ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన 20 లీటర్ల పెయింటు బకెట్లు, పండ్ల షాపు దగ్గర పడేసే థర్మాకోల్ డబ్బాలు, ఇవి చాలు. అడుగున మేకు కాల్చి బెజ్జాలు పెట్టాలి, ఒకటి రెండు కాదు, నీళ్లు పోస్తే ఆగకుండా జారిపోయేలా. ఆకుకూరలకి ఆరు అంగుళాల లోతు సరిపోతుంది, మిరపకి పది పన్నెండు, టమాట వంకాయలకి ఆ 20 లీటర్ల బకెట్టు ఒక్కో మొక్కకి ఒకటి. రెండు మొక్కలు పెట్టేద్దాం, ఒకటి పోయినా ఒకటుంటుందిలే అని మాత్రం అనుకోకండి, రెండూ చిక్కిపోతాయి. ఇంకోటి, అంత బకెట్టు తడి మట్టితో నిండితే పాతిక కిలోల పైనే తూగుతుంది, కాబట్టి బరువైనవన్నీ గోడ వారగా లోపలి వైపు పెట్టుకోండి, రెయిలింగ్ బయటి వైపు మాత్రం ఏదీ వేలాడదీయకండి, కింద పిల్లలు ఆడుకుంటుంటారు.

మట్టి విషయంలో మన ఊరి చేలో నల్లరేగడి బంగారమే గానీ కుండీలో దండగ. తడిస్తే జిగురు, ఎండితే పగుళ్లు, వేళ్లకి గాలి ఆడదు. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ అంటే వానపాముల ఎరువు గానీ ఒక పాలు, కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు, అందులో గుప్పెడు వేపపిండి. పేడ ఎరువు మాగిందో లేదో వాసన చూస్తే తెలిసిపోతుంది, వాన పడిన మట్టి వాసన రావాలి, పేడ వాసన వస్తుంటే ఇంకా ఆగాలి, తొందరపడి వేస్తే ఆ వేడికి వేళ్లు మాడిపోతాయి. కోకోపీట్ ఇటుక నానబెట్టాక ఒకటికి రెండుసార్లు నీళ్లు మార్చి పిండెయ్యండి, కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, అది పోవాలి. దీనివల్ల ఇంకో లాభం కుండీ తేలిగ్గా ఉంటుంది.

ఇప్పుడు ఏం వెయ్యాలి. అందరూ ముందు టమాట అంటారు. నేను వద్దంటాను, వెయ్యొద్దని కాదు, మొదట వెయ్యొద్దు. 2023 జూలైలో కిలో టమాట వంద దాటి ఎక్కడికో పోయింది గుర్తుందా, అప్పుడు ఎంతమంది కుండీలు కొన్నారో, ప్రతి ఇంట్లో టమాట నారే. టమాట గింజ వేస్తే నారు అందిరావడానికే పాతిక ముప్పై రోజులు, నాటాక కాయ పండటానికి ఇంకో రెండు నెలల పైన. వీళ్ల కాయలు ఎర్రబడేసరికి సెప్టెంబర్ దాటింది, అప్పటికి ధర పడిపోయి పాపం రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసుకుంటున్నారు. కాబట్టి రేటు చూసి మొక్క పెట్టే పని పెట్టుకోవద్దు, నాలుగు బకెట్ల మొక్కలతో ఇంటి కూరగాయల బిల్లు తగ్గదు కూడా, తగ్గుతుందని చెప్పేవాళ్లని నమ్మకండి.

ఆకుకూరలతో మొదలుపెట్టండి. మెంతులైతే ఇంట్లో పోపుల డబ్బాలోనే ఉంటాయి. రాత్రి నానబెట్టి, పొద్దున్న మట్టి మీద దగ్గరదగ్గరగా చల్లి, పైన పల్చగా మట్టి కప్పి, నీళ్లు చిలకరిస్తే మూడో రోజుకో నాలుగో రోజుకో మొలకలు మట్టిని పైకి నెట్టుకుంటూ వచ్చేస్తాయి, ఆ పొద్దున బాల్కనీలోకి పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పాతిక రోజులకి పప్పులోకి కూర రెడీ. తోటకూర గింజలు ఆవగింజ కన్నా చిన్నవి, వాటిని ఇసకలో కలిపి చల్లాలి లేకపోతే ఒకేచోట గుంపుగా పడతాయి, చీమలు కూడా ఎత్తుకుపోతుంటాయి, అందుకే మన పెద్దవాళ్లు గుప్పెడు రవ్వ కలిపి చల్లేవాళ్లు, చీమలు రవ్వ పట్టుకుపోతాయి, గింజలు మనకి మిగులుతాయి. ఎంత తెలివో చూడండి. తోటకూర పీకకుండా కొనలు తుంచుకుంటూ పోతే పక్క కొమ్మలు వేసి మళ్లీ మళ్లీ వస్తుంది. గోంగూర కూడా అంతే.

కొత్తిమీర దగ్గర చాలామంది ఓడిపోతారు. ధనియం గింజ చూడటానికి ఒకటే గానీ లోపల రెండు బద్దలుంటాయి, ఆ రెండూ విడిపోవాలి. అలాగని రోట్లో వేసి దంచకూడదు, నేల మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తాలి, టప్ మని చీలిన శబ్దం రాగానే ఆపెయ్యాలి. తర్వాత ఒక రాత్రి నానబెట్టి వేస్తే పది రోజుల పైన పడుతుంది మొలకకి, అయిదో రోజున ఏమీ రాలేదని కుండీ తవ్వి చూడకండి. పైగా దానికి వేడి పడదు. మే నెలలో కొత్తిమీర వేసి రాలేదని ఏడిస్తే అది కొత్తిమీర తప్పు కాదు. ఇక పుదీనాకి గింజలే అక్కర్లేదు, బజారు నుంచి తెచ్చిన కట్టలో నాలుగు లావుపాటి కాడలు తీసి, కింద ఆకులు దూసి పచ్చడికి వేసేసి, కాడల్ని గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి, అప్పుడు నాటుకోవడమే. దానికి మాత్రం వేరే కుండీ ఇవ్వండి, పక్కవాళ్లని బతకనివ్వదు అది.

ఆకుకూరల్లో చెయ్యి తిరిగాక కాయగూరల్లోకి రండి. ముందు మిరప, రెండు మొక్కలుంటే చిన్న సంసారానికి పచ్చిమిర్చి లోటుండదు. గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 లాంటి రకాలు మన వాతావరణంలో పుట్టి పెరిగినవే. టమాటలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా రక్షక్ అని ఉంది, ఆకుముడతని, మొక్క వాడిపోయే తెగులుని తట్టుకునే హైబ్రిడ్. వీటికి తేనెటీగలు రాకపోయినా ఫర్వాలేదు, ఎవరి పువ్వులో వాళ్లకే పుప్పొడి ఉంటుంది, పొద్దున పూట కాడని వేలితో మెల్లగా మీటితే చాలు. టమాట పూత రాలిపోతోందంటే మాత్రం ముందు క్యాలెండర్ చూడండి, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రిళ్లు కూడా ఉక్కపోస్తుంటే అది పిందె కట్టదు, ఏ మందు కొట్టినా అంతే.

తీగలు వేసిన వాళ్లకి ఓ ముక్క. బీర, సొర, కాకర వీటికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, ఆడపువ్వు వెనకాల బుల్లి పిందె ఉంటుంది. ఎనిమిదో అంతస్తులో ఈగా దోమా లేకపోతే మనమే మగపువ్వు కోసి ఆడపువ్వుకి రాయాలి. అయితే కాకర పువ్వు పొద్దున్న విచ్చుకుంటుంది, బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్నే లేచి ముడుచుకుపోయిన సొర పువ్వుల్ని రుద్దుతూ కూర్చుంటే కాయలు రావు మరి, ఆఫీసు నుంచి వచ్చాక టీ తాగుతూ చెయ్యాల్సిన పని అది.

నీళ్లు పొయ్యక చచ్చిపోయే మొక్కల కన్నా ప్రేమ ఎక్కువై పోసి చంపే మొక్కలే ఎక్కువ. పైన మట్టి పొడిగా కనిపించినా వేలు రెండో కణుపు దాకా దింపి చూడండి, లోపల తడి తగిలితే ఆ పూట వదిలెయ్యండి. ఈ నీళ్ల దగ్గరే కింది ఫ్లాటు వాళ్లతో గొడవలొస్తాయి, ఆరేసిన బట్టల మీద మట్టినీళ్లు కారాయని. ప్రతి కుండీ కింద పళ్లెం పెట్టండి, నీళ్లు పోసిన అరగంటకి ఆ పళ్లెంలోవి పారబోసెయ్యండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మొదటి కోత తోటకూర కింది ఇంటి అత్తయ్యగారికి ఓ గుప్పెడు ఇచ్చి వస్తే ఇంకా మంచిది.

పురుగులకి ముందే సంకేతం దొరుకుతుందండి. మిరప కాండం మీద చీమలు వరసకట్టి పైకీ కిందకీ తిరుగుతున్నాయంటే లేత ఆకు తిప్పి చూడండి, అడుగున పచ్చగానో నల్లగానో చుక్కల్లా పేనుబంక అంటుకుని ఉంటుంది, అది వదిలే తియ్యటి జిగురు కోసమే చీమలొచ్చేది. ఆ ఆకు ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. చీమల మందు వేస్తే లాభం లేదు. నీళ్లు జోరుగా కొట్టి కడిగెయ్యాలి, మిగిలితే లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం ఎండ పోయాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారానికోసారి చొప్పున ఓపిగ్గా కొట్టాలి, ఒక్కసారికి పోవు. పిండినల్లి, తెల్లదోమకి కూడా ఇదే. ఆకులు గిడసబారి ముడుచుకుపోయిన మిరప మొక్క ఎంతకీ కోలుకోకపోతే మాత్రం మమకారం చంపుకుని పీకి దూరంగా పడేయండి, పక్కవాటికి అంటిస్తుంది.

పురుగుల్ని మించిన శత్రువు హైదరాబాద్‌లో పావురాలు. మెంతి మొలక రెండాకులు వేసిందో లేదో కుండీలో దిగి కూర్చుంటాయి, ఇంకొన్నాళ్లకి అందులోనే గుడ్లు పెడతాయి, ఇక ఆ కుండీ మనది కాదు. మొలకలొచ్చే వారం పదిరోజులైనా పైన నెట్ కప్పండి. కోతులున్న ఊళ్లవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, గోంగూర వేసుకుని దేవుడికి దండం పెట్టుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే వానాకాలం జోరు తగ్గి దసరా వస్తుందనగా మొదలుపెడితే ఫిబ్రవరి దాకా పాలకూర, మెంతి, కొత్తిమీర, టమాట అన్నీ బాగా వస్తాయి. మృగశిర కార్తె తొలకరికి బెండ, గోంగూర, తీగలు. రోహిణి కార్తెలో కొత్తగా ఏదీ వెయ్యకండి, ఉన్న బచ్చలిని కాపాడుకుంటే చాలు. ఖాళీ అయిన కుండీల్లో మట్టి ఉంటుంది చూశారా, దాన్ని ఓ పాత ఫ్లెక్సీ మీద పరిచి ఆ ఎండలో నాలుగైదు రోజులు బాగా కాగనివ్వండి, పురుగు గుడ్లు, బూజు అన్నీ చస్తాయి, తర్వాత కొత్త ఎరువు కలిపి మూట కట్టి పెట్టుకోండి, తొలకరికి అదే మట్టి మళ్లీ పనికొస్తుంది. ఉంటానండీ, నమస్కారం.